సీసం గుండు, పసుపు బోయా, మా నాయన

మాది కావలి పక్కన సముద్రం ఒడ్డు పాలెం, తుమ్మలపెంట దగ్గర అంటే మనోళ్లకి తెలిసిపోద్ది. మా నాయన వేటకి పోయినప్పుడు తాడుకి సీసం గుండు కట్టి నీళ్లలోకి వదిలి, ఎన్ని బారలు దిగిందో చేత్తో కొలిచి లోతు చెప్పేవాడు, గుండుకి అంటుకొచ్చిన బురద చూసి ఆడ వల వెయ్యొచ్చా లేదా అని కూడా చెప్పేవాడు. స్కాట్లాండ్ అబర్డీన్‌లో నేను చేసే పనీ దాదాపు అదే, తాడు బదులు శబ్దం పంపి లోతు కొలిచే సోనార్ వాడతాం అంతే.

2016 జనవరిలో క్రూడ్ బ్యారెల్ 30 డాలర్ల కిందకి పడిపోయింది. నార్త్ సీలో చమురు ప్రాజెక్టులు వరసగా ఆగిపోయినాయి, మా కంపెనీలో మా టీమ్ మొత్తాన్ని ఒక్క మధ్యాహ్నంలో పంపేశారు. నా వీసా కంపెనీ మీదే ఉంది, కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోడానికి 60 రోజులు టైము. ఇంట్లో చిన్నపిల్ల, ఊళ్లో నాయనకి చెప్పే ధైర్యం లేదు. ఆ రోజుల్లో పాత కొలీగ్ ఒకాయన సాయంత్రం మీటింగ్‌కి లాక్కుపోయాడు, సొసైటీ ఫర్ అండర్‌వాటర్ టెక్నాలజీ అని, నీళ్ల కింద పనుల టెక్నాలజీ కోసం ఇక్కడోళ్లు 1966లో పెట్టుకున్న సంఘం. నేను పోయింది ఉద్యోగం కోసమే, దాపరికం ఏం లేదు. ఆడ పరిచయమైన ఒకామె చెప్పిన ఖాళీలోనే నాకు మళ్లీ పని దొరికింది, అప్పటికి 47 రోజులు అయిపోయినాయి.

తర్వాత ఏడాది, 2017 జూన్‌లో, ఓషన్స్ అనే సముద్ర ఇంజనీరింగ్ కాన్ఫరెన్స్ మా అబర్డీన్‌కే వచ్చింది. దాన్ని నడిపేది ఐ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంఘం) వాళ్ల ఓషియానిక్ ఇంజనీరింగ్ సొసైటీ, అమెరికాలో 1963లో పుట్టిన మెరైన్ టెక్నాలజీ సొసైటీ కలిసి. కరెంటోళ్ల సంఘానికి సముద్రంతో ఏం పని అని మొదట్లో నాకూ అనిపించేది. రేడియో తరంగాలు ఉప్పునీళ్లలో కొంచెం దూరం పోగానే చచ్చిపోతాయి, జీపీఎస్ నీళ్ల కింద పని చెయ్యదు, కాబట్టి అడుగున ఉన్న యంత్రంతో మాట్లాడాలంటే శబ్దమే దిక్కు. ఆ శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోద్ది, అదీ నీళ్ల వేడిని బట్టి ఉప్పుని బట్టి లోతుని బట్టి మారుతుంటది, దారిలో వంగుతుంటది. ఎలక్ట్రానిక్స్ ఒక్కటే తెలిస్తే చాలదు, సముద్రం ఒక్కటే తెలిసినా చాలదు. అందుకే ఈ ఓషియానిక్ ఇంజనీరింగ్ సొసైటీ 1960ల చివర్లో చిన్న కమిటీగా మొదలై, 1976లో సొంత జర్నల్ తెచ్చుకుని, 1983కి పూర్తి సొసైటీ అయింది.

నాకు ఇది బుర్రకెక్కింది మాత్రం సునామీ బోయా గురించి విన్నప్పుడు. 2004 డిసెంబర్ 26 పొద్దున మా పాలెంలోకి నీళ్లొచ్చినప్పుడు నేను కాలేజీ సెలవలకి ఇంట్లోనే ఉన్నా, ఒడ్డున కట్టిన పడవలు ఇళ్ల మధ్యలోకి కొట్టుకొచ్చినాయి. సుమత్రా దగ్గర భూమి కదిలి గంటలు గడిచినా మాకు చెప్పినోళ్లు ఎవరూ లేరు, హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదప్పుడు. 2007లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. సముద్రం అడుగున పెట్టిన పరికరం పైనున్న నీళ్ల బరువులో తేడా పట్టుద్ది, దాన్ని శబ్దంగా పైన తేలే బోయాకి పంపుద్ది, బోయా శాటిలైట్‌కి, శాటిలైట్ ఒడ్డుకి. సెన్సర్ చేసేది ఒకరు, శబ్దం లెక్క ఒకరిది, బోయాని ఏళ్ల తరబడి లంగరు మీద నిలబెట్టేది ఇంకొకరు, అల ఎంత ఎత్తొస్తదో లెక్కగట్టేది వేరొకరు. వీళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకరి తప్పులు ఒకరికి వినిపించే చోటు కావాలిగా, సొసైటీ ఉన్నది దానికే అని నా నమ్మకం.

2022 ఫిబ్రవరిలో ఓషన్స్ మొదటిసారి మన దేశానికి, చెన్నైకి వచ్చింది. నేను తెల్లారుజామున 4 గంటలకి లేచి ఆన్‌లైన్‌లో చూశా. చెన్నైలో ఉన్న సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్ఐఓటీ వాళ్లకి, అప్పటికి మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న పామంజిలో కూడా కేంద్రం ఉంది, ఆ సంగతి మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్లో ఎంతమందికి తెలుసో అనిపించి బాధేసింది. ఈ సొసైటీల్లో స్టూడెంట్ మెంబర్‌షిప్ ఉంది, పోస్టర్ పోటీలున్నాయి, వాడుకోండి.

ఆ వారమే నాయనకి ఫోన్‌లో బోయా కథంతా చెప్పా. ఆయన కాసేపు మాట్లాడలా.

"అదేనంట్రా అబ్బయా, పసుపుది, దూరం పోయినప్పుడు కనపడుద్ది. దాని నీడకి చేపలు చేరతాయి. మనోళ్లు పడవలు దానికే కట్టేస్తారు."

బోయాలు పాడైపోవడానికి ఇదొక పెద్ద కారణం, ప్రపంచమంతా ఇంజనీర్లు దీని మీద తల పట్టుకుంటున్నారు. వేటగాళ్లని తిట్టడం తేలిక, కానీ అది ఏందో వాళ్లకి కూర్చోబెట్టి చెప్పినోళ్లు ఎంతమంది? తర్వాత సొసైటీ మీటింగ్‌లో నాయన మాటే లేచి చెప్పా, మన సెషన్లలో చేపలు పట్టేవాళ్లు కూడా కూర్చోవాలని.

"పాలెంలో పెద్దోళ్లతో నేను మాట్లాడతా, కుర్రోళ్లకి మాత్రం నువ్వే వచ్చి బొమ్మ గీసి చూపీ" అన్నాడు నాయన. సంక్రాంతికి లీవ్ పెట్టా.