మెక్సికోలో జడుపు తీయించుకున్నాను

2017 సెప్టెంబరు 19న మెక్సికో సిటీలో పొద్దున పదకొండింటికి భూకంపం డ్రిల్ జరిగింది. 1985లో అదే తారీఖున వచ్చిన పెద్ద భూకంపాన్ని తలుచుకుంటూ ఏటా చేస్తారు. రోమా పేటలో ఉన్న మా ఆఫీసు నుంచి అందరం నవ్వుకుంటూ దిగాం, సెల్ఫీలు దిగి మళ్లీ పైకెళ్లాం. మధ్యాహ్నం 1:14కి నిజంగానే వచ్చింది. 7.1 తీవ్రత. అలారం మోగేసరికే కాళ్ల కింద నేల ఊగుతోంది. మూడో అంతస్తు మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని బిగుసుకుపోయాను. కిందికి ఎలా దిగానో ఇప్పటికీ గుర్తులేదు. ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు.

ఆ తర్వాత నెలకు పైగా బూట్లు వేసుకునే పడుకున్నాను. వీధిలో చిలగడదుంపల బండివాడు ఈల వేసినా గుండె జారిపోయేది. డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. నిద్ర పట్టేది కానీ రాత్రి రెండింటికల్లా లేచి కూర్చునేదాన్ని. ఫోన్లో అమ్మ "దిష్టి తగిలిందే, ఎండుమిరపకాయలు తిప్పి కాల్చెయ్" అంది. మెక్సికోలో మిరపకాయలకు కరువా? తిప్పి కాల్చాను. ఆ ఘాటుకు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ దగ్గుకుంటూ వచ్చి తలుపు కొట్టింది.

కథంతా విని ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మీహా, ఇది కన్ను కాదు. సుస్తో." మీహా అంటే మన 'అమ్మడూ' లాంటి పిలుపు. దిష్టి వాళ్లకూ ఉంది కానీ అది ఎదుటివాళ్ల చూపు వల్ల తగిలేది. సుస్తో వేరు. మనిషి హడలిపోయినప్పుడు ప్రాణంలో ఒక ముక్క జారి ఆ చోటే ఉండిపోతుందట. ఆవిడ చెబుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు కుక్క తరిమి నాకు జ్వరం వస్తే "పిల్ల జడుసుకుంది" అని మసీదుకు తీసుకెళ్లి ఊదించుకొచ్చింది. ఇన్నాళ్లూ దిష్టి అనుకుంటూ కూర్చున్నాం, ఇది అచ్చంగా జడుపు.

ఎక్కడికి వెళ్లాలో ఆవిడ చెప్పేదాకా ఆగకుండా నేనే ఒక శనివారం సోనోరా మార్కెట్‌కు వెళ్లాను. లా మెర్సెద్ అనే పెద్ద బజారు దగ్గర 1957లో తెరిచిన మార్కెట్ అది. ఒక వైపు బొమ్మలు, గిన్నెలు. ఇంకో వైపు ఎండు మూలికలు, రంగురంగుల కొవ్వొత్తులు, అస్థిపంజరం రూపంలో ఉండే సాంతా ముయెర్తె విగ్రహాలు, 'నా దగ్గరికి రా' అని పేరు రాసిన వశీకరణ సబ్బులు. ఒక కొట్టతను కోడిగుడ్డు నా ఒంటి మీద దొర్లించి, గ్లాసు నీళ్లలో కొట్టి, బుడగలు చూపించాడు. ఎవరో నా మీద 'పని' చేయించారట, అంటే చేతబడి. విరగ్గొట్టాలంటే నాలుగు వేల పెసోలు. భూకంపం మాట ఎత్తే అవకాశం కూడా నాకివ్వలేదు. గుడ్డు డబ్బులిచ్చి బయటపడ్డాను.

ఓనరమ్మ తిట్టింది. ఆవిడ లెక్కలో బ్రూహో అంటే మంత్రగాడు, నాకు కావలసింది కురందేరా, నయం చేసే మనిషి. (వెరాక్రూస్‌లోని కాతెమాకోలో మార్చి మొదటి శుక్రవారం బ్రూహోల జాతర జరుగుతుంది, టూరిస్టులు బాగా వస్తారు. ఆవిడ ముందు ఆ పేరెత్తితే మూతి తిప్పింది.)

శుక్రవారం సెలవు పెట్టి మిల్పా ఆల్తాకు వెళ్లాం. అదీ నగరంలో భాగమే, కానీ చుట్టూ నోపాల్ అనే నాగజెముడు జాతి తోటలే. ముసలివాళ్ల నోట ఇంకా నహువాత్ల్ అనే పాత భాష వినిపిస్తుంది. కురందేరాకు డెబ్బై దాటి ఉంటాయి. ముందు గుడ్డు తీయలేదు. "ఎక్కడ భయపడ్డావు? ఏ మెట్టు మీద? చేయి ఎక్కడుంది?" అని అడిగింది. రెయిలింగ్ చల్లగా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరుకు అది నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు.

తర్వాత కోపాల్ పొగ వేసింది. మన సాంబ్రాణిలాంటిదే, కాస్త నిమ్మ వాసన. కట్టగట్టిన ఆకులతో తల నుంచి పాదాల దాకా ఊడ్చింది. అందులో సదాపాకు ఉంది! బాలింత ఇళ్లలో తప్ప నేనెక్కడా చూడని ఆకు. ఇదంతా స్పెయిన్‌వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన ఆజ్తెక్‌ల కాలం నాటిదని గొప్పగా చెప్పేవాళ్లున్నారు. కోపాల్ వరకు నిజమే. సదాపాకు, కోడిగుడ్డు స్పెయిన్ ఓడల్లో వచ్చాయి, కట్టలోని పిరుల్ కొమ్మ పెరూ నుంచి వచ్చింది. ఆమె మూడుసార్లు చదివిన క్రెడో క్రైస్తవ ప్రార్థన. చివర్లో చెప్పాపెట్టకుండా నోట్లో చెరకు సారా పోసుకుని నా ముఖం మీద ఫుర్రుమని ఊదింది. జడుపు తీయడానికొచ్చి మళ్లీ జడుసుకున్నాను.

మొత్తం మూడుసార్లు రావాలంది. మంగళవారమో శుక్రవారమో. రెండోసారి వెళ్లినప్పుడు భయపడ్డ చోటి నుంచి గుప్పెడు మట్టి తెమ్మంది. మెట్ల మీద మట్టెక్కడిది? ఆఫీసు ముందు ఫుట్‌పాత్ మీది చెట్టు మొదట్లో స్పూనుతో తవ్వాను. సెక్యూరిటీ గార్డు వచ్చి ఎందుకని అడిగాడు. సుస్తో అన్నాను. టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

మూడోసారి ఆ మట్టి నా పాదాల దగ్గర పెట్టి, "మీ అమ్మ నిన్నేమని పిలుస్తుంది?" అంది. చిట్టి అన్నాను. "చిట్టీ, రా, అక్కడ ఉండిపోకు" అని స్పానిష్‌లో గట్టిగా పిలిచింది. 'వస్తున్నా' అని స్పానిష్‌లోనే బదులు చెప్పాలని ఓనరమ్మ దారంతా నేర్పించింది. మూడో పిలుపుకు నా నోట్లోంచి "వస్తున్నానమ్మా" అని తెలుగులో వచ్చేసింది. ఆపైన ఏడుపు ఆగలేదు. ఆమె గుడ్డు కొట్టి చూసి, ఏమీ చెప్పకుండా పెరట్లో పారబోసింది. రేటేమీ లేదు. రెండు వందల పెసోలు ఇస్తే ఒక సంచి నోపాల్ చేతిలో పెట్టింది. బస్సెక్కితే తస్కేన్యా మెట్రో స్టేషన్ వచ్చేదాకా తెలియలేదు, ఓనరమ్మే లేపింది.

ఆకుల వల్ల తగ్గిందో, ఏడవడం వల్లో, నెలలు గడవడం వల్లో తేల్చుకోలేను. మాత్రలైతే వెంటనే మానలేదు, డాక్టరును అడిగే తగ్గించుకున్నాను.

2018 ఫిబ్రవరి 16 సాయంత్రం ఇంట్లో ఉండగా మళ్లీ ఊగింది. వహాకా రాష్ట్రంలో 7.2. వీధిలోకి పరుగెత్తాను. ఓనరమ్మ రెబోసో, అంటే శాలువా, కప్పుకుని నా వెనకే వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చిట్టీ, మొత్తం దిగావా? ఏమైనా పైన వదిలేశావా?" అంది.

చెప్పులు వదిలేశాను.