కొత్త చెప్పుల చప్పుడు

పోయిన నెల కొత్త చెప్పులు కొన్నాను. మియాపూర్‌లో మెట్రో దిగాక ఇంటికి పావుగంట నడక, రాత్రి పదిన్నర దాటితే మా వీధి సద్దుమణిగిపోతుంది, ఆ నిశ్శబ్దంలో మొదటి మూడు నాలుగు రోజులు నా చెప్పుల టపటపే ఎంత గట్టిగా వినిపించిందంటే ఎవరో వెనకాల వస్తున్నారేమోనని రెండుసార్లు ఆగి చూశాను. వారం తిరిగేసరికి ఆ చప్పుడు లేదు. చెప్పులు మెత్తబడ్డాయేమో అనుకున్నా. అమ్మేమో "నువ్వు సందు మలుపు తిరిగావంటే చాలు, ఆ చెప్పుల మోతకే తెలిసిపోతుందే" అంటుంది. అంటే చప్పుడు అలాగే ఉంది, నాకే వినిపించడం మానేసింది.

ఎందుకా అని వెతికితే అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాలు దొరికాయి. రిచర్డ్ మూనీ ల్యాబ్‌లో డేవిడ్ ష్నైడర్, ఇంకొందరు కలిసి చేసినవి. ట్రెడ్‌మిల్ మీద ఎలుక పరిగెడుతుంటే, మెదడులో శబ్దాలను అందుకునే ఆడిటరీ కార్టెక్స్ బయటి శబ్దాలకు స్పందించడం బాగా తగ్గిపోతుందని 2014లో చూపించారు. పాదాల చప్పుడులో మిగతా శబ్దం కలిసిపోవడం ఒక్కటే కాదు కారణం. కదలికను నడిపే మోటార్ కార్టెక్స్ నుంచి ఆడిటరీ కార్టెక్స్‌కి కూడా ఒక కబురు వెళ్తుంది, అది అక్కడ అణిచే పని చేసే న్యూరాన్లను, అంటే నాడీకణాలను, లేపుతుంది, అవి మిగతా న్యూరాన్ల జోరు తగ్గిస్తాయి. ఇదంతా ఎలుక అడుగు వెయ్యక ముందే మొదలవుతుంది! కదలకుండా ఉన్న ఎలుకలో ఆ కబురు మోసే న్యూరాన్లను కాంతితో లేపినా ఇలాంటి ఫలితమే వచ్చింది. చూపు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది: ఎలుక పరిగెడుతున్నప్పుడు దృశ్యాలకు స్పందన పెరుగుతుందని 2010లోనే నీల్, స్ట్రైకర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

నా చెప్పుల సంగతి 2018 ప్రయోగంలో ఉంది. ఎలుక వేసే ప్రతి అడుగుకీ ఒక స్వరం వినిపించేలా చేశారు, కృత్రిమ పాదాల చప్పుడన్నమాట. కొన్ని రోజులకి మెదడు ఆ స్వరాన్ని మాత్రమే ఏరి తగ్గించడం నేర్చుకుంది. వేరే స్వరం వస్తే దాన్ని అలా అణచలేదు. ఎలుకలో కనిపించింది మనిషికి అచ్చంగా అంటించకూడదని తెలుసు, కానీ ఆ నాలుగు రోజుల టపటప, తర్వాతి నిశ్శబ్దం గుర్తొస్తే నా తలలోనూ ఇలాంటిదేదో జరిగిందనే నమ్ముతున్నాను. నా అడుగులు వినపడకుండా పోవడం నాకు నష్టం కాదు. అవి తప్పుకుంటేనే కదా ఇంకొకరి అడుగులు వినపడేది.

మా సందులో ఖాళీ స్థలం ఉంది, వానాకాలం నిండా కీచురాళ్ళే. చెవులు గింగురుమనేలా అరుస్తూ కూడా అవి తమ అరుపుకి తామే చెవిటివి కావట, అరిచే ప్రతిసారీ వాటి వినికిడిని ఒక్క న్యూరాన్ కాసేపు అణిచి ఉంచుతుందని 2006లో పౌలెట్, హెడ్విగ్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు.

ఇంకో మాట, భయం గురించి. అమెరికాలోనే యేల్ యూనివర్సిటీలో మెక్‌గిన్లీ, మెక్‌కార్మిక్ అనే శాస్త్రవేత్తలు 2015లో ఎలుకల కంటిపాప సైజు చూస్తూ మెదడు ఎంత చురుగ్గా ఉందో కొలిచారు. మగతగా ఉన్నా, మరీ ఉద్రేకంగా ఉన్నా సన్నని శబ్దం పట్టుకోవడం తగ్గింది, మధ్యస్థంగా, కుదురుగా ఉన్నప్పుడే బాగా విన్నాయి. టెన్షన్ పడితే చెవులు ఇంకా చురుగ్గా పనిచేస్తాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను, వెనక ఏదైనా అలికిడి అయితే నడక వేగం పెంచేదాన్ని. వేగం, కంగారు, రెండూ వినికిడికి అడ్డమే.

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ బ్యాగులో పడేసి, మలుపు దగ్గర దీపం కింద ఆగుతున్నాను. కాళ్ళు కదపకుండా, ఊపిరి నెమ్మదించేదాకా. మొదట కీచురాళ్ళు, తర్వాత ఎవరింట్లోనో కుక్కర్ మూత తీసిన చప్పుడు, ఆపైన దూరంగా మా గేటు గొళ్ళెం. అమ్మ తీస్తోంది.