ఎట్ ద వీకెండా, ఆన్ ద వీకెండా

పదకొండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. చిన్నోడి వర్క్‌షీట్ మీద ఉన్న ఎర్ర గీత కళ్లలోంచి పోవట్లేదు.

ఖాళీలు పూరించమన్నారు. 'వుయ్ విజిట్ అవర్ గ్రాండ్‌మదర్' అని రాసి, ఒక ఖాళీ, ఆ తర్వాత 'ద వీకెండ్'. వీడు 'ఆన్' అని రాశాడు. దాన్ని కొట్టేసి పైన 'ఎట్' అని దిద్దారు. అర మార్కు పోయింది. బ్రిటిష్ వాళ్లు 'ఎట్ ద వీకెండ్' అంటారు, అమెరికా వాళ్లు 'ఆన్ ద వీకెండ్' అంటారు. రెండూ ఒప్పే. వీడు చూసే కార్టూన్లన్నీ అమెరికావి, చెవిలో అదే పడింది.

"అర మార్కే కదా, వదిలెయ్" అన్నారు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

నా బాధ మార్కు గురించా? విన్న మాటని విన్నట్టు పట్టుకున్న పిల్లాడికి, నీ చెవి తప్పు వింది అని చెప్పినట్టయింది. ఇంకోసారి ఆ మాట నోటిదాకా వస్తే ఆగుతాడు. ఆ ఆగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీటింగుల్లో ఎన్నిసార్లు అలా ఆగిపోయి, నేను చెప్పాల్సింది ఇంకెవరో చెప్తుంటే వింటూ కూర్చున్నానో.

షీటు వెనకాల ఒక డబ్బా గీసి సూత్రాలు వేశారు. ఫలానా చోటు అని చూపిస్తే ఎట్, పైన ఉంటే ఆన్, లోపల ఉంటే ఇన్. మొదట బాగానే ఉంది అనుకున్నాను. బస్సుకి 'ఆన్', కారుకి 'ఇన్' ఎందుకో కూడా చెప్పుకోవచ్చు. లోపల లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగే బస్సు, రైలు, విమానం, ఓడ అన్నీ 'ఆన్'. కూర్చోవడం తప్ప ఇంకేం చేయలేని కారు, టాక్సీ 'ఇన్'. సరే. మరి పొద్దున 'ఇన్ ద మార్నింగ్', సాయంత్రం 'ఇన్ ది ఈవెనింగ్' అయినప్పుడు, రాత్రి ఒక్కటీ 'ఎట్ నైట్' ఎందుకయింది? పోనీ రాత్రి అంతే అనుకుందామంటే, మధ్యలో మెలకువ వస్తే 'ఐ వోక్ అప్ ఇన్ ద నైట్'. 'బై కార్' వెళ్లాను అనొచ్చు, మధ్యలో 'మై' చేరిందో అది 'ఇన్ మై కార్' అయిపోతుంది. ఈ డబ్బాలో ఇవేవీ పట్టవు.

ఆ డబ్బాలో చివరి సూత్రం చూసి ఇంకా ఒళ్లు మండింది. వాక్యం చివర ప్రిపోజిషన్, అంటే ఈ ఎట్, ఆన్, టు లాంటి మాట, రాకూడదట. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవి, తనకంటే ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతలో ఇది తప్పని పట్టుకున్నాడు. ఇప్పటికీ పిల్లల మీద రుద్దుతూనే ఉన్నారు. 'హూ ఆర్ యూ టాకింగ్ టు?' అనకుండా ఇంగ్లీషు వాళ్లకే పూట గడవదు.

నాన్న ఉంటే ఈ షీటు చూసి ఏమనేవారో.

ఆయన గ్రామర్ చదువుకోలేదు. ఆఫీసులో ఉత్తరాలు డ్రాఫ్ట్ చేసీ చేసీ ఇంగ్లీషు పట్టుబడింది. నల్లట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. పేజీకి ఒక్కటే మాట. పైన పెద్దక్షరాలతో 'ఇన్ లియూ ఆఫ్', కింద ఏ ఫైల్లోనో చూసిన వాక్యం. తర్వాతి పేజీలో 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్', ఆ తర్వాత 'ఆన్ బిహాఫ్ ఆఫ్'. 'ఇన్'కి వేరే, 'ఆన్'కి వేరే అంటూ పేజీలు లేవు. మనం 'ఇంట్లో' అంటాం కానీ, 'ఇల్లు' ఒకసారీ 'లో' ఒకసారీ నేర్చుకున్నామా? ఆయనా అలాగే మాట మొత్తాన్ని ఎత్తి దాచుకున్నారు.

తొమ్మిదో తరగతిలో నేను ఏదో వ్యాసంలో 'డిస్పైట్ ఆఫ్' అని రాశాను. నాన్న పైకి చదివి, "చెవికి ఆనట్లేదమ్మా" అన్నారు. ఎందుకు నాన్నా అంటే చెప్పలేకపోయారు. నోటుబుక్కు తెచ్చి 'ఇన్ స్పైట్ ఆఫ్' పేజీ తీశారు. అంచున పెన్సిల్‌తో 'డిస్పైట్' అని రాసి, పక్కన తెలుగులో 'ఇది ఒంటరిది' అని ఉంది, అంటే వెనక 'ఆఫ్' రాదని. అంతే, మళ్లీ ఆ తప్పు రాయలేదు నేను. 'ఇన్ కేస్' పేజీలో రెండు వాక్యాలు, మధ్య ఒక గీత. ఆలస్యమవుతుందేమో, తాళాలు దగ్గరుంచుకో అని జాగ్రత్త చెప్తే 'ఇన్ కేస్'. నిప్పంటుకుంటే అద్దం పగలగొట్టు అంటే 'ఇన్ కేస్ ఆఫ్'.

ఆ ఊపులోనే టీచర్‌కి మెసేజ్ మొదలుపెట్టాను. 'విత్ రిగార్డ్స్ టు' అని కొట్టి ఆగిపోయాను. అక్కడ ఉండాల్సింది 'రిగార్డ్'. 'రిగార్డ్స్' ఉత్తరం చివర చెప్పే నమస్కారం. చెరిపేసి, ఇంకే వాక్యాలు కొట్టేశారో అన్నీ రాద్దామని షీటు మళ్లీ తీశాను.

నాలుగోది 'ఇన్ ది ఎండ్ ఆఫ్ ద మూవీ'. సాయంత్రం దాన్నీ అన్యాయాల లెక్కలోనే వేశాను. కానీ అది నిజంగానే తప్పు. అక్కడ 'ఎట్ ది ఎండ్ ఆఫ్' రావాలి. ఇంకా నాకు కనిపించనిది ఒకటుంది. అంచున, సన్నటి ఎర్ర అక్షరాలతో, 'ఎట్ ది ఎండ్ అంటే చివర్లో, ఇన్ ది ఎండ్ అంటే చివరికి' అని రాసి ఉంది. ఎంత బాగా చెప్పారు! సినిమా చివర్లో పాట వచ్చింది, చివరికి వాళ్లు కలిశారు. ఇంతకంటే ఎవరు చెప్పగలరు? తరగతిలో అందరి షీట్లూ దిద్దుతూ, వీడి దానిమీద ఆగి ఈ ఒక్క లైను రాసిన మనిషి గురించా సాయంత్రం నుంచి నేను అన్ని మాటలన్నది.

మెసేజ్ మొత్తం తీసేశాను. 'చివర్లో, చివరికి' బాగా అర్థమైంది, థాంక్స్ అని రాసి, వీకెండ్ సంగతి మాత్రం అడిగాను. అది అడగాల్సిందే. పొద్దున పంపుతాను.

ఇంకొకటి ఉంది. వీడు నిద్రలోకి జారుతూ, "అమ్మా, సండే నైట్‌కి ఎట్ ఆ, ఆన్ ఆ?" అని అడిగాడు. షీటు మీద కోపంలో ఉండి, "ఎట్ నైట్ కదరా, ఎట్" అనేశాను. ఇందాక నాన్న నోటుబుక్కు తీసి తిరగేస్తే 'ఆన్ ద నైట్ ఆఫ్ ద ట్వెల్ఫ్త్' కనబడింది. ఫలానా రోజు రాత్రి అన్నామంటే 'ఆన్' వస్తుంది. 'ఆన్ సండే నైట్'.

పొద్దున వాడు బ్యాగు సర్దుకునేలోపు చెప్పాలి.