ఇవాళ నైట్రైట్ సున్నా వచ్చింది

ఇంట్లో సముద్రపు నీళ్ల చేపల ట్యాంకు పెట్టి ఇది నలభై ఆరో రోజు. ఇంకా చేపలు వేయలేదు. ముందు ట్యాంకులో బ్యాక్టీరియా పెరిగి, విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చడం మొదలవ్వాలి, దీన్నే సైకిల్ అంటారు. పొద్దున లేచీ లేవగానే టెస్ట్ ట్యూబులో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు పట్టి, చుక్కలు వేసి, ఐదు నిమిషాలు దాని ముందే కూర్చున్నాను. లేత నీలం, అంటే నైట్రైట్ సున్నా. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాను, మళ్లీ లేత నీలమే. నెల రోజులుగా నన్ను ఏడిపించిన ఆ ఊదా రంగు పోయింది. ఈ సంతోషం తాజాగా ఉన్నప్పుడే రాసేయాలని కూర్చున్నాను, ఎందుకంటే నేను ఇరుక్కున్న చోట ఇంకొకరు ఇరుక్కోకూడదు.

మొదటి భాగం తేలికే. 200 లీటర్ల ట్యాంకు, ఆర్‌వో డీఐ నీళ్లు (ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసినవి, టీడీఎస్ మీటరు 0 చూపించింది), సముద్రపు ఉప్పు కలిపి ఒక రాత్రంతా పంపుతో తిప్పి సాంద్రత 1.025కి తెచ్చాను, హీటరు 26 డిగ్రీల దగ్గర పెట్టాను. ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరును మాత్రం 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35) ద్రావణంతోనే సరిచూసుకోండి, మంచినీళ్లకు సున్నా చూపించినంత మాత్రాన ఉప్పునీళ్ల దగ్గర సరిగ్గా చూపిస్తుందని ఏమీ లేదు. స్కిమ్మరు (నురగతో మురికిని లాగేది), వేవ్‌మేకరు (అలలు పుట్టించే పంపు) ఎవరి సాయం లేకుండా ఒక్క సాయంత్రంలో బిగించాను, ఇంతవరకు ఒక్క చుక్క కారలేదు, ఆ పని బాగా చేశానని గర్వంగానే చెప్తాను.

తర్వాత లైవ్ రాక్, అంటే సముద్రపు జీవులతో నిండిన రాయి, 20 కిలోలు. "పూర్తిగా క్యూర్ చేసిందే, తిన్నగా ట్యాంకులో పెట్టేయండి" అన్నాడు అమ్మినవాడు. నేను నమ్మాను. లైవ్ రాక్ విలువంతా దాని సందుల్లో బతికే బ్యాక్టీరియాలో ఉంటుంది, దానితో పాటు స్పాంజిలు, పురుగులు, నత్తలు కూడా ఉంటాయి. నీళ్ల బయట ఎక్కువసేపు ఉంటే అందులో సగం చస్తాయి, చచ్చింది కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఆ కుళ్లడం వేరే తొట్టిలో ముగిసిపోయిన రాయినే క్యూర్ చేసిన రాయి అనాలి. నాకు ఇచ్చింది అలాంటిది కాదు. మూడో రోజుకే కుళ్లిన గుడ్ల వాసన, అమ్మ వచ్చి "ఏదో చచ్చిందిరా ఇంట్లో, బీరువా వెనక చూడు" అంది. చచ్చింది ట్యాంకులోనే అమ్మా అని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి కొనేముందు రాయిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. సముద్రం వాసన వస్తే తీసుకోండి, కుళ్లు వాసన వస్తే ఎవరేం చెప్పినా వినకుండా వచ్చేయండి.

నల్లబడి, తెల్లటి జిగురు కారుతున్న నాలుగు రాళ్లను బయటికి తీసి, బకెట్టులో ఉప్పునీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తో చచ్చిన స్పాంజినంతా గోకేశాను. ఎనిమిదో రోజుకి అమ్మోనియా 8 పీపీఎం (పది లక్షల వంతుల్లో 8), నా టెస్ట్ కిట్‌లో అంతకు మించి రంగు లేదు. రాళ్ల మీద బతికున్నవి కూడా పోతాయేమోనని సగం నీళ్లు మార్చాను. లైట్లు ఆపేసే ఉంచాను. పంతొమ్మిదో రోజుకి అమ్మోనియా సున్నా. అయిపోయింది అనుకున్నాను.

అసలు నరకం అక్కడే మొదలైంది. నైట్రైట్ పన్నెండో రోజున 5కి వెళ్లి కూర్చుంది. ఇరవయ్యో రోజున 5, ఇరవై నాలుగున 5, ఇరవై తొమ్మిదిన కూడా 5. రోజూ అదే ముదురు ఊదా. ఇంకోవైపు నైట్రేట్ కిట్ ముదురు ఎరుపు, 160. నైట్రైట్ కదలకుండా నైట్రేట్ అంత ఎక్కడి నుంచి వస్తోందో నాకు అర్థం కాలేదు. టెన్షన్‌తో రాత్రిళ్లు లేచి మరీ ట్యాంకు చూసేవాణ్ని. బ్యాక్టీరియా సీసా కొని పోశాను, మార్పు లేదు. వేడి పెంచాను, మార్పు లేదు.

చివరికి ఒక సీసాలో నీళ్లు పట్టుకుని ఆ రాయి కొన్న షాపుకే వెళ్లాను. అతను ఒక స్ట్రిప్ ముంచి, దాన్ని గాల్లోకి ఎత్తి, అక్కడున్న నలుగురికీ చూపించి, "ఎంతసేపూ కొలతలు కొలవడమేనా, ఒక్క చేపనైనా వేశారా? రెండు డామ్సెల్‌లు పడేయండి, అవే సైకిల్ చేస్తాయి ట్యాంకుని. ఇంత చిన్న పని అందరికీ వస్తుంది, మీకెందుకు రావట్లేదు?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. రాయి క్యూర్ చేసిందన్నారు కదా అని అడిగితే, నీళ్లలో పెట్టే పద్ధతి మీకు తెలియకపోతే నేనేం చేస్తాను అన్నాడు. నోట మాట రాలేదు, సీసా తీసుకుని వచ్చేశాను. ఆ అవమానం నాకింకా మానలేదు. ఇక ఆ గుమ్మం తొక్కను.

చేపలతో సైకిల్ చేయమనే సలహా ఎవరిచ్చినా వినకండి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి, మంచినీళ్ల ట్యాంకుతో పోలిస్తే అమ్మోనియాలో విషపు భాగం ఎక్కువ, అది చేప మొప్పలను కాలుస్తుంది. డామ్సెల్ గట్టి చేప అంటే దానికి నొప్పి లేదని కాదు, చావడానికి ఎక్కువ రోజులు పడుతుందని. మన ఓపిక లేనితనానికి ఒక ప్రాణాన్ని టెస్ట్ కిట్‌లా వాడటం తప్పు, నేను ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఆ రాత్రి కిట్‌తో వచ్చిన రంగుల కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంటే విషయం తట్టింది. ఆ కాగితంలో 5 ఆఖరి రంగు. అంటే నా నీళ్లలో 5 ఉన్నట్టు కాదు, 5 గానీ అంతకు ఎక్కువ ఎంతైనా గానీ ఉన్నట్టు. ఐదు కిలోల కాటా మీద ఆరు కిలోలు పెట్టినా ముప్పై కిలోలు పెట్టినా ముల్లు ఆ చివరనే కదా నిలబడేది. వెంటనే సిరంజితో అర మిల్లీలీటరు ట్యాంకు నీళ్లు తీసి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు నాలుగున్నర మిల్లీలీటర్లు కలిపి టెస్ట్ చేశాను. 2 చూపించింది. పది రెట్లు పలచన చేశాను కాబట్టి అసలు లెక్క 20! మూడు రోజుల తర్వాత మళ్లీ అలాగే చేస్తే 1, అంటే 10. నైట్రైట్ ఆగిపోలేదు, దిగుతూనే ఉంది, దాన్ని చూపించే శక్తి నా కిట్‌కి లేదు. ఆ రోజు రాత్రి నేను ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను.

నైట్రేట్ సంగతి కూడా అప్పుడే తేలింది. ఆ కిట్ ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి, ఆ తర్వాత రంగు చూపిస్తుంది. నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే దాన్ని కూడా కలిపి లెక్కేస్తుంది. కాబట్టి నైట్రైట్ సున్నా అయ్యేదాకా నైట్రేట్ టెస్ట్ జోలికే వెళ్లకండి, టెస్ట్ మందు దండగ, మనశ్శాంతి దండగ. చేస్తే మాత్రం రెండో సీసాను అర నిమిషం గట్టిగా ఊపాలి, లేకపోతే అడుగున పేరుకున్నది కలవక తక్కువ చూపిస్తుంది. ఇంకొకటి, ఉప్పునీళ్లలో ఉన్న క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి అంతగా వెళ్లనివ్వదు, అందుకే మంచినీళ్ల చేపలకు ఉన్నంత ప్రమాదం ఇక్కడ లేదు. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు మూడు వారాల బాధ తప్పేది. షాపులో అతనికి తెలియదా, తెలిసీ చెప్పలేదా, నాకు తెలియదు. రెండూ క్షమించలేనివే.

బ్యాక్టీరియా సిద్ధమైందో లేదో చూద్దామని నిన్న 1 పీపీఎం వచ్చేలా అమ్మోనియా చుక్కలు వేశాను. ఇవాళ పొద్దునకి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 80 ఉంది, ఈ సాయంత్రం సగం పైగా నీళ్లు మారుస్తాను. ఆవిరైన నీటికి బదులు రోజూ మంచినీళ్లే పోస్తున్నాను, ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్లు పోస్తే సాంద్రత పెరుగుతూ పోతుంది. ఇసుక మీద గోధుమ రంగు పొర కొద్దిగా మొదలైంది, డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు, వాటంతట అవే పోతాయి. ముళ్ల పురుగులు కనపడితే చంపకండి, కుళ్లినదంతా తిని నాకు ఎంత సాయం చేశాయో.

రాత్రి టార్చి వేసి చూస్తే అద్దం మీద కోపీపాడ్‌లు అనే పిసరంత తెల్లటి ప్రాణులు పరుగులు పెడుతున్నాయి. నేను బ్రష్‌తో గోకిన రాళ్లలో ఒకదాని పక్కన, చచ్చిపోయిందనుకున్న ఫెదర్ డస్టర్ పురుగు గొట్టంలోంచి తల బయటపెట్టి విసనకర్రలా విచ్చుకుంది. దాని ఫొటోలు పదిహేను తీశాను.