పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా వెళ్తున్నారా? ముందు సూది సంగతి చూసుకోండి

టికెట్ కంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. టీకా వేసినట్టు ఒక కార్డు ఇస్తారు, వేసుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టేయగలరు. ఆ టీకా కోసం తిరుపతి నుంచి చెన్నై దాకా ఎవరు పోతారులే అని నేను బద్ధకించి చివర్లో పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. మలేరియా మాత్రలు కూడా డాక్టర్ని అడిగి తీసుకోండి.

వానలు జూన్ నుంచి అక్టోబర్ దాకా, కాబట్టి నవంబర్ తర్వాత వెళ్లడం మేలు. అధికార భాష ఇంగ్లీషే, ఇబ్బంది లేదు. డబ్బు డలాసీల్లో, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. టాక్సీ ఎక్కేముందే రేటు తేల్చుకోవాలి, మన బస్టాండు దగ్గర ఆటోవాళ్లతో మాట్లాడినట్టే. కాకపోతే ముందు పలకరింపు, క్షేమ సమాచారాలు, తర్వాతే బేరం. నేరుగా రేటు అడిగితే మర్యాద తెలియని మనిషి అనుకుంటారు.

తిండి సంగతికొస్తే, చిత్తూరు జిల్లావాళ్లకు దొమోదా నచ్చి తీరుతుంది. వేరుశనగ ముద్దతో చిక్కగా ఉడికించిన పులుసు, పైన నూనె తేలుతూ ఉంటుంది, వేడన్నంలో పోసుకుంటే మా అమ్మ చేసే చెనక్కాయల ఊరిబిండి గుర్తొచ్చింది. మామూలుగా మాంసం వేస్తారు, శాకాహారులు ముందే చెప్పుకోవాలి, చేప కూడా వద్దని విడిగా చెప్పండి! ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుంటే కుడిచేత్తో, మీ ముందున్న వైపు నుంచే తినండి.

బకావ్ అనే ఊళ్లోని కచికల్లి మొసళ్ల కొలను మాత్రం వదలొద్దు. పిల్లల కోసం మొక్కుకునేవాళ్లు అక్కడికి వస్తారు. మొసలి వీపు మీద చెయ్యి వేయమన్నారు, వేశాను, తోక వైపు నుంచి.