ముంపు ఊరికి మ్యాప్ గీయించిన వైనం

శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల మీద నవల రాశాను. ఊరి పేరు కల్పితం, నది మాత్రం కృష్ణే. ఎడమ ఒడ్డున కొల్లాపూర్, కుడి ఒడ్డున నందికొట్కూరు, ఎగువన అలంపురం. రాతప్రతి చదివిన వాళ్లందరూ తిప్పి తిప్పి అడిగింది ఒకటే: పుట్టి ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఊరు ఏ ఒడ్డున ఉంది? మన నవలల్లో మ్యాపులు అరుదు. చదివేవాళ్లకి ఆ ప్రాంతం ఎలాగూ తెలుసన్న ధీమా కావచ్చు. 1980ల మొదట్లోనే నీళ్ల పాలైన ఊరి విషయంలో ఆ ధీమా చెల్లదు. అందుకని పుస్తకం మొదట్లో మ్యాప్ వేయిద్దామని కూర్చున్నాను.

ముందు రాతప్రతిని మొదటి పేజీ నుంచి చదువుతూ దిక్కు, దూరం, దారి వచ్చిన ప్రతి వాక్యాన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను. 'గుడి దాటాక కుడి చేతి వైపు', 'పొద్దు వాలేసరికి రేవు చేరారు' లాంటివి. స్కాట్లండ్ రచయిత స్టీవెన్సన్‌కీ ఈ చాకిరీ తప్పలేదు. 1881లో బ్రేమార్ అనే ఊళ్లో సవతి కొడుకుతో కలిసి సరదాగా ఒక దీవి మ్యాప్ గీసి, దాన్ని చూస్తూనే 'ట్రెజర్ ఐలాండ్' కథ అల్లాడాయన. తీరా పుస్తకం అచ్చుకి వెళ్లేనాటికి ప్రచురణకర్తలకి పంపిన మ్యాప్ పోయింది. పుస్తకమంతా గాలించి, అందులోని ప్రతి మాటకీ సరిపోయేలా దీవిని మళ్లీ గీయాల్సి వచ్చింది. ఆ రెండో మ్యాప్ తనకెప్పుడూ అసలు దీవిలా అనిపించలేదని ఆయనే రాసుకున్నాడు. నాకు మొదటి మ్యాపే లేదు కనుక ఆ బెంగ లేదు.

తర్వాతది పాత మ్యాపుల వేట. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మ్యాప్ మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. చిక్కేమిటంటే పదహారో అక్షాంశం సరిగ్గా నా కథ మీదుగా పోతుంది. షీట్లు అక్కడే విడిపోతాయి. పాత నంబర్ల లెక్కలో కర్నూలు, నందికొట్కూరు వైపు 57 ఐ షీట్లు, కొల్లాపూర్, శ్రీశైలం వైపు 56 ఎల్ షీట్లు. రెంటినీ అతికించుకున్నా నాకు కావాల్సిన చోట అంతా నీలం రంగే. నీళ్లు రాకముందుది కావాలి. అది అమెరికాలో దొరికింది! అమెరికా సైన్యం 1950ల్లో మన దేశానికి వేసిన 1:250,000 మ్యాపుల్ని టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. వాటిలో కృష్ణ సన్నగా, మెలికలు తిరుగుతూ ఉంది. కానీ ఆ స్కేల్లో ఒక మిల్లీమీటరు అంటే పావు కిలోమీటరు. ఊరికీ రేవుకీ మధ్య నడిచిందంతా పెన్సిల్ మొన కింద పోతుంది.

పాత మ్యాప్‌ని నేటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. రెంటిలోనూ ఉన్న చోట్లు కొన్ని గుర్తుపెట్టి ఇస్తే మిగతాది అదే సాగదీసి సరిచేస్తుంది. ఇక్కడ గుడులతో జాగ్రత్త. కృష్ణా తుంగభద్రల కలయిక దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని ముంపుకి ముందే రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. పాపనాశి గుడులూ అలాగే తరలి వచ్చాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మాత్రం కదల్లేదు, వాటికి అడ్డంగా గోడ కట్టి కాపాడారు. కాబట్టి నవబ్రహ్మలని నమ్ముకోవచ్చు, సంగమేశ్వరుణ్ణి నమ్ముకోకూడదు. (భక్తులు క్షమించాలి, ఇది సర్వే లెక్క.)

నేల ఎత్తుపల్లాల కోసం అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన సమాచారం వాడదామనుకుంటే, అది 2000 ఫిబ్రవరి నాటిది. రాడార్‌కి అందింది నీటి పైభాగమే, అడుగున నేల కాదు. ఎత్తుపల్లాలు దొరకలేదు గానీ, నీళ్లు రాకముందు నేలని చూపించి ఆదుకున్నవి అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు. మొదటి ఉపగ్రహం 1972లో పైకి వెళ్లింది, 1970ల నాటి చిత్రాలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వాటిలో చెట్టూ పైరూ ఎర్రగా కనిపిస్తాయి, ఊళ్లు బూడిద మచ్చలు. ఏటి వెంట ఎర్రటి అంచు కట్టినట్టు ఒండ్రు పొలాలు! డ్యామ్ నిండకముందు ఆ లోయ ఎంత పండేదో లెక్కలు చెప్పనక్కర్లేదు, ఆ ఒక్క చిత్రం చాలు.

ఇంత చేశాక కూడా నా చేతిలో ఉన్నది ప్రాంతమే, ఊరు కాదు. ఊరు దొరికింది కొల్లాపూర్ వైపు ఒక పునరావాస కాలనీలో, ఓ పెద్దాయన అరుగు మీద. ఉపగ్రహ చిత్రం ప్రింటు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "గిండ్ల ఏమున్నది బిడ్డా, అంత ఎర్రగున్నది" అని పక్కన పెట్టేశాడు. తాగేసిన చాయ గ్లాసు తీసి అరుగు మధ్యలో బోర్లించాడు. "గిది హన్మాండ్ల గుడి." అగ్గిపెట్టె రచ్చబండ. బీడీ కట్ట కళ్లాలు. భుజం మీది తువ్వాలు మెలితిప్పి ఎదురుగా పరిచాడు, అది కిష్ణ. గ్లాసుకీ అగ్గిపెట్టెకీ మధ్య వేలితో ఒక గీత గీసి, "వానలు పడ్డయంటె గీ వాగు దాటనియ్యదు" అన్నాడు. సర్వే షీట్లలో ఆ వాగుకి పేరే ఉండదు. నా నవల్లో పెళ్లివారు చీకటి పడేదాకా ఒడ్డున చిక్కుకుపోయే అధ్యాయం ఆ వేలి గీతలోంచి పుట్టిందే.

దూరాలు అడిగితే బాయికాడికి కూతవేటు అన్నాడు, రేవుకి పోయేసరికి ఒక బీడీ అయిపోతుందన్నాడు. పాత మ్యాప్ మీద కొలిచి చూస్తే బీడీ దాదాపు అర కిలోమీటరు. మ్యాప్ కింద స్కేలు గీత అవే మాటలతో వేయించాను: కూతవేటు ఇంత, బీడీ ఇంత. నా పాత్రల్లో ఒక్కరూ కిలోమీటర్లలో ఆలోచించరు కదా.

ఇంకో సంగతి. ఆయన ఎడమ ఒడ్డు మనిషి, ఇంటి ముందు నిలబడితే ఏరు దక్షిణాన ఎదురుగా. ఆయన మ్యాప్‌లో పైన ఉన్నది ఏరు, అంటే దక్షిణం. నేనూ అలాగే ఉంచాను. ప్రచురణకర్త ఒప్పుకోలేదు, తలకిందులుగా అచ్చయిందని పుస్తకాలు వెనక్కి పంపుతారన్నాడు. 1154లో సిసిలీ రాజు కోసం అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రిసీ వేసిన ప్రపంచ పటంలో కూడా దక్షిణమే పైన ఉందని వాదించి, ఉత్తరం బాణాన్ని కిందికి, పెద్దగా వేయించి రాజీపడ్డాం.

బొమ్మ వేసిన ఆర్టిస్టుకి ఏ3 కాగితం మీద నలుపు గీతలే చాలన్నాను. బూడిద ఛాయలు మామూలు కాగితం మీద మురికిగా వస్తాయి. పేర్లు డీటీపీలో పెట్టిద్దామనుకున్నాం గానీ నది వంపు వెంట అక్షరాలు తిప్పితే వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి. 'కృష్ణా నది'లో ణ వత్తు గట్టెక్కి కూర్చుంది. పేర్లన్నీ చేత్తోనే రాయించాను. డెమీ సైజు పుస్తకంలో మ్యాప్ రెండు పేజీల మీద పరుచుకుంటే మధ్య మడత ఒక వేలెడు మేర మింగేస్తుంది. అక్కడ ఊరు పడకుండా ఖాళీ పొలాలు పడేలా జరిపాం.

ఆఖరి తకరారు నీటి గురించి. మొదట్లోనే ముంపు గీత చూపిస్తే కథ ముందే చెప్పేసినట్టు. అసలు చూపించకపోతే చివరి భాగంలో ఎవరి ఇల్లు ముందు మునిగిందో అర్థం కాదు. అందుకని మ్యాప్ రెండుసార్లు వేశాం. పుస్తకం మొదట్లో నీళ్లు లేనిది, చివరి భాగానికి ముందు చుక్కల గీతతో ఇంకొకటి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నిండుగా ఉన్న నాటి ల్యాండ్‌శాట్ చిత్రంలో నీటి అంచునే దానికి తీసుకున్నాను. ఈబుక్‌లో రెండు పేజీల బొమ్మ నిలవదు గనుక దాన్ని ఎగువ, దిగువ అని రెండు ముక్కలు చేయిస్తున్నాను. ఆ పని ఇంకా నడుస్తోంది.