డీడీటీ: కాల్చవద్దని పాడిన బృందం

1980లో సోవియట్ రష్యాలోని బష్కీరియా ప్రాంత రాజధాని ఊఫాలో పుట్టిన డీడీటీ రాక్ బృందం, పురుగుమందు పేరునే తన పేరుగా పెట్టుకుంది. సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో అడుగుపెట్టిన కొద్దికాలానికే గాయకుడు యూరీ షెవ్చుక్ ‘కాల్చకు’ అనే పాట రాశారు. అప్పట్లో అలా రాయడానికి ఎంత గుండెధైర్యం కావాలో నేటి శ్రోతలు గుర్తించాలి.

రికార్డులు వేసే అధికారం ప్రభుత్వ సంస్థ మెలోదియా చేతిలోనే ఉన్నందువల్ల ఇలాంటి పాటలు టేపుల మీద ఒకరి నుంచి ఒకరికి కాపీ అవుతూ ఊళ్లు దాటేవి. మారుమూల రష్యా జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపిన ‘పెరిఫెరియా’ ఆల్బమ్ 1984లో అలాగే వ్యాపించడంతో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ షెవ్చుక్ వెంటపడింది. చివరకు ఆయన లెనిన్‌గ్రాడ్ చేరి, చిన్నాచితకా పనులు చేసుకుంటూ బృందాన్ని మళ్లీ కూడగట్టారు.

సోవియట్ యూనియన్ పోయినా ఆయన మౌనం వహించలేదు. 2010లో పుతిన్ ఎదుటే పత్రికా స్వేచ్ఛ గురించి ప్రశ్నించారు. 2022లో వేదికపై నుంచి ఉక్రెయిన్ యుద్ధాన్ని తప్పుపట్టినందుకు కోర్టు 50,000 రూబుళ్ల జరిమానా విధించింది.

అయితే ఆయనను కేవలం ప్రభుత్వ వ్యతిరేకిగా చూడడం నాకు సమ్మతం కాదు. 1995 జనవరిలో, యుద్ధం సాగుతుండగానే చెచెన్యా వెళ్లి, రష్యా సైనికులకూ చెచెన్ పౌరులకూ పాడిన మనిషి ఆయన.